షిప్పు నెల

మా కాలనీలో తొలిచూలు కోడలికి రెండు లెక్కలు నడుస్తాయి. ఒకటి ఇంటి నెల, రెండోది షిప్పు నెల. ఇంటి నెల అసలు లెక్క. అది అత్తకీ, మొగుడికీ, ఫోన్లో అమ్మకీ తప్ప పైకి ఎవరికీ చెప్పరు. షిప్పు నెల అంటే అందులోంచి నెలో, నెలన్నరో తగ్గించి బయటివాళ్ళకి చెప్పేది. సబ్‌సెంటర్ నర్సుకైనా, అంగన్‌వాడీలో పిండి ప్యాకెట్లు ఇచ్చే ఆవిడకైనా, మాయాబందర్‌లో డాక్టరుకైనా మొదటి రోజు నుంచీ చెప్పేది అదే.

కారణం వింటే మీకు నవ్వు రావచ్చు. మా వాళ్ళంతా శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చి ఇక్కడ ఈ దీవుల్లో వల వేసుకుని బతుకుతున్నవాళ్ళు. కోడళ్ళని కూడా అక్కడినుంచే తెచ్చుకుంటారు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న పట్టుదలని మాత్రం ఏ సముద్రంలోనూ పారేయలేదు. పుట్టిల్లు చూస్తే సముద్రానికి అవతల ఉంది. పోర్ట్‌బ్లెయిర్‌లో షిప్పు ఎక్కి విశాఖపట్నంలో దిగాలి. నెలలు నిండుతున్న ఆడదాన్ని షిప్పు ఎక్కనివ్వరు. నడిసముద్రంలో నొప్పులొస్తే ఎవరు చూస్తారన్నది వాళ్ళ భయం, అందులో తప్పేమీ లేదు. కానీ షిప్పు మనం అనుకున్నప్పుడు రాదు. ఒకటి తప్పితే ఇంకొకటి ఎప్పుడో ఎవరికీ తెలియదు. అందుకని ముందు నుంచే ఒక నెల చేతిలో ఉంచుకోవాలని మా అత్త అనేది. బియ్యం డబ్బాలో గుప్పెడు మిగల్చమని చెప్పినంత మామూలుగా చెప్పేది.

నేను పెళ్ళయి వచ్చిన ఏడాదే నెల తప్పాను. దుర్గాపూజ పందిళ్ళు వేయకముందు వచ్చిన నెలసరే ఆఖరిది. అది నాకు బాగా గుర్తు, ఎందుకంటే పూజకి మాయాబందర్ తీసుకెళ్తానని మా ఆయన మాట ఇచ్చాడు, తీరా వెళ్ళే రోజుకి నాకు వాంతులు మొదలయ్యాయి. అత్త నన్ను సబ్‌సెంటర్‌కి తీసుకెళ్ళేసరికి కొత్త సంవత్సరం కూడా వచ్చేసింది. అంత ఆలస్యం ఎందుకంటే, అదీ లెక్కలో భాగమే. తొందరగా తీసుకెళ్తే తొందరగా స్కాన్‌కి పంపుతారు, అప్పుడు యంత్రం నిజం చెప్పేస్తుంది. ఆలస్యంగా తీస్తే బిడ్డ కాస్త పెద్దగా ఉందనుకుని ఊరుకుంటారు. ఈ సంగతి మా కాలనీ ఆడవాళ్ళకి ఎవరు నేర్పారో నాకు తెలియదు గానీ అందరికీ తెలుసు.

సబ్‌సెంటర్‌లో ఉన్న నర్సుని మేం సిస్టర్ దీదీ అనేవాళ్ళం. మలయాళీ కుటుంబం, పుట్టి పెరిగింది ఈ దీవుల్లోనే. వానలో గొడుగు తిరగబడినా నడిచొచ్చి ఇంటింటికీ ఐరన్ మాత్రలు ఇచ్చే మనిషి. ఆఖరి నెలసరి ఎప్పుడని ఆమె హిందీలో నన్ను అడిగితే అత్తే జవాబు చెప్పింది.

"దీవాలీ కే బాద్."

నాకు అప్పటికి హిందీ అంతంతమాత్రం. అయినా దీవాలీ తర్వాత అంటోందని అర్థమైంది. నేను తల దించుకుని చీర కొంగు సర్దుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ అబద్ధం నాకు తీపిగానే అనిపించింది. ఆ అబద్ధం చివర మా అమ్మ ఉంది, మా ఇంటి అరుగు ఉంది, అమ్మ పెట్టే వెల్లుల్లి కారం ఉంది. ఇంక నేనెందుకు కాదంటాను?

స్కాన్‌లో బిడ్డ చెప్పిన నెలకన్నా పెద్దగా ఉందన్నారు. "మా ఇంట్లో అందరూ అలాగే పుడతారు" అని అత్త హిందీలో చెప్పి, రుజువు కోసం గుమ్మం బయట నిలబడ్డ మా ఆయన్ని చూపించింది. మా ఆయన ఆరడుగుల మనిషి. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను.

వేసవిలో షిప్పుకి టిక్కెట్టు దొరికింది. సంచి సర్దుకున్నాను. అమ్మ కోసం వక్కలు, కొబ్బరి నూనె, చెల్లికి గవ్వల గాజులు. రేపు పోర్ట్‌బ్లెయిర్ బస్సు ఎక్కాలనగా షిప్పు రిపేరుకి పోయిందని కబురొచ్చింది. సరే, ఇంకొకటి ఉందన్నారు. ఆ రెండోది బయలుదేరే వారంలో సముద్రం లేచింది, జెట్టీలో ప్రమాద సిగ్నల్ ఎగరేశారు. మా డుంగీ పడవలన్నీ ఒడ్డెక్కాయి. షిప్పు వాయిదా పడింది, మళ్ళీ పడింది. సంచిలో వక్కలకి బూజు పట్టింది. అమ్మ రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, "షిప్పు ఎప్పుడంట తల్లీ" అని ఒకటే మాట అడిగేది. తర్వాత తర్వాత ఆ మాట అడగడం కూడా మానేసి, తిన్నావా అని మాత్రం అడిగేది. చివరికి షిప్పు నెల లెక్కలో చూసినా నేను షిప్పు ఎక్కే రోజులు దాటిపోయాయి.

పోనీలే, కాన్పు మాయాబందర్‌లోనే కానిద్దాం అని మా ఆయన అన్నాడు. అప్పుడైనా అసలు నెల చెప్పేయవలసింది. అత్త చెప్పనివ్వలేదు. మా వీధిలోనే ఇంకా ఇద్దరు తొలిచూలు కోడళ్ళు ఉన్నారు. సముద్రం తగ్గితే వచ్చే షిప్పుకి వాళ్ళ టిక్కెట్లు ఖాయమయ్యాయి. ఇప్పుడు మా గుట్టు బయటపడితే వాళ్ళనీ ఆపేస్తారని అందరి భయం. ఆ ఇద్దరి అత్తలూ మధ్యాహ్నం పూట వచ్చి మా గుమ్మంలో కూర్చునేవారు. పరామర్శకి వచ్చినట్టే వచ్చి, నా నోటికి కాపలా కాసి వెళ్ళేవారు.

ఇంటి నెల నిండింది. నిండి దాటిపోతోంది. నొప్పుల జాడ లేదు. బయటివాళ్ళెవరికీ కంగారు లేదు, ఎందుకుంటుంది? వాళ్ళ లెక్కలో నాకు ఇంకా ఎనిమిదో నెలే. సిస్టర్ దీదీ కనబడినప్పుడల్లా "అభీ టైమ్ హై, ఆరామ్ కరో" అని, ఇంకా టైముంది విశ్రాంతి తీసుకోమని నా భుజం తట్టేది. ఆవిడ అంత ప్రేమగా తడుతుంటే నాకు ఏడుపొచ్చేది. నన్ను చూడవలసిన మనిషి నా ఎదురుగానే ఉంది, నన్ను కాకుండా ఇంకెవరినో చూస్తోంది.

ఒకరోజు బిడ్డ కదలడం తగ్గినట్టు అనిపించింది. అత్త చేపలు ఎండబెడుతోంది. పక్కకి వెళ్ళి చెప్పాను.

"అత్తా, కదల్టం తగ్గిపోనాది."

"తలకాయి కిందికి దిగుంటాది. లోపల సోటు సాల్దు గదా. ఏటీ కాదు, జీలకర్ర నీల్లు తాగి ఎడం పక్కకి తిరిగి తొంగో."

"దీదీకి అసలు నెల సెప్పీసి రానా?"

అత్త చేతిలో చేప అలాగే పట్టుకుని అటూ ఇటూ చూసింది. "సెప్పీస్తే ఏటవుద్దో తెలుసునా? ఆ గుంటలిద్దర్నీ షిప్పెక్కనీరు. మన ఈదిలో ఇంక ఏ కోడలు మాటా నమ్మరు. సర్కారోల్లకి అబద్దం సెప్పినామని కేసెట్టినా ఎట్టెత్తారు. మనం బైటినుంచి వొచ్చినోల్లం, మర్సిపోకు."

ఆవిడ గొంతులో కోపం లేదు, వణుకు ఉంది. ఇక్కడ ముప్పై ఏళ్ళుగా ఉన్నా, ఆఫీసులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆవిడ ఇప్పటికీ చెప్పులు విప్పి నిలబడుతుంది. అదంతా నాకు ఇప్పుడు అర్థమవుతోంది. ఆ రోజు మాత్రం ఆవిడ మీద ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్న లేచేసరికి కడుపులో ఏ అలికిడీ లేదు. పంచదార నీళ్ళు తాగాను. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను. కడుపు మీద చెయ్యి వేసి, "ఒక్కసారి తన్నమ్మా" అని బతిమాలాను. ఎంతసేపటికో చిన్నగా కదిలింది, అది కూడా నా భ్రమేమో తెలియదు. ఇంక ఎవరికీ చెప్పకుండా చెప్పులేసుకుని సబ్‌సెంటర్‌కి నడిచాను. అత్త వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

సిస్టర్ దీదీ కడుపు మీద యంత్రం పెట్టింది. చప్పుడు వినిపించింది. వేగంగా కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఉన్నట్టుండి మందగించింది. మళ్ళీ వేగం అందుకుంది, మళ్ళీ మందగించింది. దీదీ ముఖంలో నవ్వు పోయింది. ఆవిడ బయటికెళ్ళి డుంగీ కోసం కేకేసింది. ఖాడీ అనే సముద్రపు పాయ దాటి మాయాబందర్ ఒడ్డుకి చేరేదాకా వాన కొడుతూనే ఉంది. మా ఆయన తన చొక్కా విప్పి నా మీద కప్పాడు. అదే ఆయన చేయగలిగిన పని.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నవాడు, ఓపికగా అన్నీ అడిగాడు. ప్రశ్నలన్నీ హిందీలో, జవాబులన్నీ అత్తవి. నెల దగ్గరికి వచ్చేసరికి నేను అత్త చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"సెప్పత్తా. నీ కాల్లు పట్టుకుంతాను, ఇప్పుడైనా సెప్పు."

అత్త డాక్టరు వైపు తిరిగి మాట్లాడింది. ఆ మాటల మధ్యలో దీవాలీ మళ్ళీ వినబడింది. ఇంక నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ పోగుచేసుకుని, దీవాలీ కాదు, పూజకి ముందే అన్నాను.

"సాబ్, దీవాలీ నహీ. దుర్గాపూజా. పూజా సే పహలే."

డాక్టరు నావైపు చూశాడు, తర్వాత అత్తవైపు చూశాడు. అత్త చేతులు కట్టుకుని, "డర్ గయీ హై సాబ్" అంది. భయపడిపోయింది, పుట్టింటికి వెళ్ళలేకపోయింది కదా, ఆ బెంగతో ఏదేదో అంటోంది అని ఆవిడ చక్కటి హిందీలో చెప్పింది. ఇటు చూస్తే ముప్పై ఏళ్ళ నుంచి ఈ గడ్డ మీద ఉన్న పెద్దావిడ. అటు చూస్తే ఏడుస్తున్న కొత్త కోడలు, నోట్లో మాట కూడా సరిగా తిరగదు. మొదటి నుంచీ అన్ని చోట్లా చెప్పిందీ పెద్దావిడ మాటే. డాక్టరు ఎవరిని నమ్ముతాడు? ఆయన స్థానంలో నేనున్నా నన్ను నమ్మేదాన్ని కాదు.

బిడ్డకి నెలలు నిండలేదని, ఇప్పుడు తీస్తే ఊపిరి అందదని, అలాంటి పిల్లల్ని కాపాడే గది ఉన్న పోర్ట్‌బ్లెయిర్‌కే పంపడం మంచిదని చెప్పారు. వాన వల్ల హెలికాప్టర్ ఎగరదు కాబట్టి అంబులెన్స్ పిలిచారు. నాకు సూదులు వేశారు. ఎనిమిదో నెల బిడ్డకి చేయవలసినవన్నీ ఏ లోపమూ లేకుండా చేశారు. నా కడుపులో ఉన్నది మాత్రం ఎనిమిదో నెల బిడ్డ కాదు.

అంబులెన్స్‌లో నా పక్కన సిస్టర్ దీదీ, కాళ్ళ దగ్గర అత్త, ముందు సీట్లో మా ఆయన. రోడ్డు నిండా గుంతలు. మాయాబందర్ వెనకబడిపోయింది, కిటికీలో అడవి తప్ప ఏమీ లేదు. ఇక్కడ ఆసుపత్రీ లేదు, డాక్టరూ లేడు, భయపడవలసిన ఆఫీసూ లేదు. నేను దీదీ చెయ్యి పట్టుకున్నాను.

"దీదీ, వో షిప్ కా మహీనా హై. ఘర్ కా మహీనా అలగ్ హై."

అది షిప్పు నెల, ఇంటి నెల వేరు అంటే ఆవిడకి అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా మా మధ్యే తిరుగుతున్నా ఆ మాట ఆవిడ చెవిన పడనివ్వలేదు మా వాళ్ళు. క్యా షిప్, ఏం షిప్పు అని అడిగింది. నాకు చెప్పడానికి భాష చాలలేదు. అత్తవైపు చూశాను. అత్త కిటికీలోంచి బయటికి చూస్తోంది. అప్పుడు ముందు సీట్లోంచి మా ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు, "సచ్ బోల్ రహీ హై దీదీ. పూరా హో గయా. ఊపర్ భీ హో గయా."

నిజమే చెబుతోంది. నెలలు నిండిపోయాయి, పైన కూడా అయ్యాయి.

దీదీ మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వెంటనే ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. డ్రైవర్ని అడిగితే వెనక్కి తిరగడం కన్నా రంగత్ ఆసుపత్రి దగ్గరన్నాడు. రంగత్‌కే పోనిమ్మంది. మళ్ళీ నా కడుపు మీద యంత్రం పెట్టి వెతకడం మొదలుపెట్టింది. పైన వెతికింది, కింద వెతికింది, పక్కకి జరిపి వెతికింది. బండి గుంతలో పడినప్పుడల్లా యంత్రం గరగరమనేది. అందులో నా బిడ్డ చప్పుడు ఉందేమో అని నేను ప్రతిసారీ ఊపిరి బిగబట్టాను. దీదీ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన అనుకుంటాను. కాసేపటికి ఆవిడ యంత్రం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

రంగత్‌లో కన్నాను. ఆడపిల్ల. ఏడుపు లేదు.

తుడిచి, గుడ్డలో చుట్టి అత్త చేతికిచ్చారు. నాకు చూపించమన్నాను. ముఖం మా అమ్మది. జుట్టు ఒత్తుగా ఉంది. గుడ్డలోంచి ఒక చెయ్యి బయటికి జారింది. వేళ్ళ చివర దాటి గోళ్ళు పెరిగి ఉన్నాయి, కత్తిరించవలసినంత. నెలలు దాటిన బిడ్డకే అంత పెరుగుతాయి. ఆ చర్మం కూడా నీళ్ళలో నానినట్టు పొరలు లేచింది. అత్త కూడా చూసింది. చూసి, ఆ చేతిని గుడ్డలోపలికి దోపేసి, గుడ్డని ఇంకో చుట్టు చుట్టింది. మా ఇద్దరి కళ్ళూ కలిశాయి.

కాలనీకి తెచ్చి ఒడ్డుకి కాస్త దూరంగా మొగలి పొదల దగ్గర పెట్టారు. మా ఆయన ఎవరినీ పార ముట్టనివ్వలేదట. ఆడవాళ్ళు నన్ను పరామర్శించడానికి వచ్చారు. ఎనిమిదో నెల పిల్ల దక్కదమ్మా, అది అందరికీ తెలిసిందే గదా అన్నారు. ఎవరు వచ్చినా అత్త కూడా అదే చెప్పింది, "ఎనిమిదో నెల పిల్ల." బిడ్డ పోయాక కూడా షిప్పు నెల పోలేదు. నాకు మూడోనాటికి పాలు పడ్డాయి. జాకెట్లు తడిసిపోయేవి, రొమ్ములు రాళ్ళయ్యేవి. నెలలు నిండిన బిడ్డకి పడే పాలు అవి. సిస్టర్ దీదీ వచ్చి గుడ్డతో బిగించి కట్టింది, మాత్రలిచ్చింది. గుమ్మం దిగుతూ ఆగి, అత్త వైపు చూడకుండా, నన్ను మాత్రం చూసి వెళ్ళిపోయింది. తొమ్మిది నెలలూ మోశాను, ఆ పైన కూడా మోశాను అని వీధిలో నిలబడి అరవాలని ఉండేది. ఎవరి కోసం అరవాలి?

తర్వాత నేను అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఈసారి షిప్పు ఏ ఆటంకమూ లేకుండా సమయానికి బయలుదేరింది. ఎక్కేటప్పుడు నన్ను ఎవరూ నెల అడగలేదు.

నేను తిరిగొచ్చేసరికి మా వీధి కోడళ్ళిద్దరూ పిల్లల్ని ఎత్తుకుని వచ్చి ఉన్నారు. ఇద్దరికీ చక్కగా కాన్పులయ్యాయి. సంతోషమే, ఆ పసివాళ్ళు నాకేం చేశారు? కానీ వాళ్ళ అత్తలు మాత్రం, చూశావా, టైముకి షిప్పు దొరికితే అంతా బాగానే అవుతుంది అన్నారు. మాటవరసకి అన్న మాటే అది. షిప్పు నెల అలాగే నిలబడింది. నేను, అత్త ఒకే ఇంట్లో ఉంటూ కూరలో ఉప్పు గురించి తప్ప ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆవిడ్ని క్షమించానా అని నన్ను అడగకండి.

సిస్టర్ దీదీలో ఒక మార్పు వచ్చింది. రెండు తెలుగు మాటలు నేర్చుకుంది. కొత్తగా ఎవరు వచ్చినా అత్తని పక్కకి జరిపి, ఆ పిల్ల కళ్ళలోకి చూసి, "నిజం నెల?" అని అడిగేది. పిల్లలు తలలు దించుకునేవారు. వాళ్ళ వెనక అత్తల చూపులు ఉండేవి.

నిరుడు, టీకాలు వేసే రోజున, అంగన్‌వాడీ వాకిట్లో ఆడవాళ్ళమంతా చేరాం. మా ఎదురింట్లోకి కొత్త కోడలు వచ్చింది, అవతలి ఒడ్డు పిల్ల, బెరుకుగా గోడకి ఆనుకుని కూర్చుంది. దీదీ ఆ పిల్ల ముందు వంగి అడిగింది, "నిజం నెల?"

"పాంచ్వా" అంది ఆ పిల్ల అత్త, వెనకనుంచి.

ఐదు కాదు. మా వీధిలో అందరికీ తెలుసు ఆరు దాటిందని. దీదీ నావైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే, దూరంగా తట్టలో ఎండుచేపలు ఏరుకుంటున్న మా అత్త లేచి నిలబడింది. అన్నేళ్ళ చక్కటి హిందీ ఏమైపోయిందో, ఆవిడ తెలుగులోనే మాట్లాడింది.

"ఆరు నిండినాయి దానికి. ఆరని రాసుకోమను. మా పిల్లకి గోల్లు పెరిగున్నాయి. నాను సూసినాను."

దీదీకి ఎంత అర్థమైందో తెలియదు. నేను దగ్గరికి వెళ్ళి, "ఛే మహీనే, దీదీ" అని చెప్పాను. అత్త మళ్ళీ కూర్చుంది. తట్ట ముందుకు లాక్కుంది గానీ, ఆ చేతులు ఏ పనీ చేయలేకపోయాయి. నేను ఆవిడ పక్కన కూర్చుని చేపలు ఏరాను.